జోడ్‌భావి పేటలో నా గొంతు

ఉదయం ఆరు గంటలకు ఇమ్లీబన్ బస్టాండులో సోలాపూర్ బస్సెక్కాను. హైదరాబాద్ నుంచి సోలాపూర్‌కు రైళ్ళు చాలానే ఉన్నాయి. కానీ సాయంత్రం నాలుగు గంటల లోపు నేను జోడ్‌భావి పేటలోని ఒక ఇంటి ముందు ఉండాలి. ఆ వేళకు చేర్చే రైల్లో సీటు దొరకలేదు. బస్సులో కిటికీ పక్కనే దొరికింది.

వెళ్తున్న పని చెప్పాలి. నేను కరెంటు స్కూటర్లు తయారుచేసే ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ రాస్తాను. ఇప్పటి స్కూటర్లకు సొంత సిమ్ కార్డు ఉంటుంది. బండి ఎటు వంగింది, ఎక్కడ కుదుపు తగిలింది, మోటారు ఎంత కరెంటు లాగిందో రాసిపెట్టుకునే చిన్న పెట్టె ఒకటి సీటు కింద ఉంటుంది. కొత్త సదుపాయం ఏదైనా తయారైతే షోరూముకు తీసుకెళ్ళక్కర్లేదు. ఇంటి ముందు నిలబెట్టిన బండిలోకి అదే వచ్చి చేరుతుంది. రెండు నెలల క్రితం మేము అలా ఒక పలకరింపు పంపాం. జేబులో కీ పెట్టుకుని యజమాని నాలుగడుగుల దూరంలోకి వస్తే చాలు, హెడ్‌లైటు మెల్లగా వెలుగుతుంది. బండి ఆ మనిషిని పేరు పెట్టి పిలుస్తుంది.

తెలుగు పలకరింపుకు గొంతు నాదే. మూడు రోజులు స్టూడియోలో కూర్చుని ఏవేవో వాక్యాలు చదివాను. ఆ తర్వాత ఏ పేరు ఇచ్చినా కంప్యూటరే దాన్ని నా గొంతుతో పలుకుతుంది. నేను జన్మలో పలకని పేర్లు కూడా.

వారం కిందట సోలాపూర్ డీలరు నుంచి ఫిర్యాదు వచ్చింది. శ్రీనివాస్ అనే ఆయన బండి రోజూ సాయంత్రం నాలుగుంపావు ప్రాంతంలో ‘రండి శ్రీనివాస్ గారూ’ అంటోంది. ఆయన చనిపోయి ఐదు నెలలైంది. బండి మాకు పంపే వివరాలు చూశాను. తప్పేమీ కనిపించలేదు. శ్రీనివాస్ గారి కీ రోజూ ఆ వేళకు దగ్గరికి వస్తోంది, ఆరేడు నిమిషాలు ఉండి వెళ్ళిపోతోంది. పిలుపు మొదలవక ముందు నుంచీ, అంటే ఆయన పోయిన వారం నుంచీ అలాగే వస్తోంది. ‘ఆ కీని ఇక్కడి నుంచే తీసేసి ఫిర్యాదు మూసెయ్’ అన్నాడు మా మేనేజరు. ఒక్క బటన్ నొక్కితే అయిపోయేది. నొక్కబుద్ధి కాలేదు. కీ లేకుండానే కీ ఉందని బండి అనుకుంటోందేమో, అదైతే దొంగలకు తలుపు తీసినట్టే, వెళ్ళి చూస్తానని ఒప్పించాను.

జహీరాబాద్ దాటాక పక్క సీట్లో ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నారు. సోలాపూర్‌లో తువాళ్ళ వ్యాపారమట, తాతల కాలంలో సిరిసిల్ల వైపు నుంచి వెళ్ళారట. నా ఒళ్ళోని పరికరాల సంచీ చూసి ఏం పనని అడిగారు. చెప్పాను.

“కరెంటు బండ్లు మస్తయినయమ్మా మా దిక్కు. గల్లీల వెనకకెల్లి వస్తయి, చప్పుడే ఉండది. మీదికొచ్చినంక చూస్తం” అన్నారు. కాసేపటికి మళ్ళీ, “మగ్గాల చప్పుడుల పుట్టినోళ్ళం. చప్పుడు లేకుంటె మాకు భయమైతది” అన్నారు.

హుమ్నాబాద్‌లో ఇడ్లీ, టీ. నల్దుర్గ్ దగ్గర రోడ్డు పనుల వల్ల ముప్పావుగంట ఆగాం. ఒంటిగంటన్నరకు సోలాపూర్ బస్టాండులో దిగాను. స్టేషన్ రోడ్డులో వెయ్యి రూపాయల లోపు గది దొరికింది. శుభ్రంగానే ఉంది, వేడినీళ్ళు మాత్రం ఉదయం ఎనిమిది దాకానే. భోజనంలో కడక్ భాకరీ, పల్లీలతో చేసే శేంగా చట్నీ పెట్టారు. అప్పడంలా విరిగే ఆ జొన్నరొట్టెను చట్నీతో, పెరుగుతో తినాలి. వెళ్ళినవాళ్ళు తినకుండా రావద్దు.

మూడు గంటలకు ఆటోలో కొంతం చౌక్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి నడిచాను. రెండు మలుపులు తిరిగేసరికి మరమగ్గాల చప్పుడు కాళ్ళ కింది నుంచి మొదలైంది. గోడలకు చెయ్యి ఆనిస్తే అదురు తెలుస్తోంది. గడపల్లో ఆడవాళ్ళు ఒళ్ళో చేటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. ఒకరితో ఒకరు తెలుగు, పిల్లలతో మరాఠీ, కూరగాయలవాడితో హిందీ.

అడ్రసు పట్టుకుని ఒక నీలం తలుపు ముందు ఆగాను. వాకిట్లో రేకుల పందిరి కింద బూడిదరంగు స్కూటరు ఉంది. లోపల ఒకామె నాకు వీపు పెట్టి కూర్చుని తునికాకు కత్తిరిస్తోంది.

“అనసూయ గారి ఇల్లు ఇదేనాండీ?” అన్నాను.

ఆమె చేతిలో కత్తెర ఆగిపోయింది. తిరగలేదు. కొంతసేపయ్యాక మెల్లగా తల తిప్పి, ముందు బండి వైపు చూసింది. ఆ తర్వాత నా వైపు.

“ఇంకోపారి మాట్లాడు” అంది.

అప్పుడు అర్థమైంది నాకు. రెండు నెలలుగా ఆ వాకిట్లో రోజూ ఆమె మొగుణ్ణి పిలుస్తున్న గొంతు గుమ్మంలో నిలబడి తన పేరు అడిగింది. నేను గబగబా అంతా చెప్పేశాను. కంపెనీ, స్టూడియో, కంప్యూటరు. ఆమె వింటున్నది మాటల్ని కాదు, గొంతుని. చివరికి, “అయితే నువ్వు ఆయనను ఎరుగవు” అంది.

“ఎప్పుడూ చూడలేదమ్మా. ఆ పేరు నేను నోటితో కూడా అనలేదు.”

“చుట్టుపక్కలోళ్ళు ఏమంటున్నరో తెలుసా అక్కా? ‘సీను పోయినంక గూడ ఎవరో ఆడామె పిలుస్తున్నది’ అంటున్నరు.”

ఆమె వయసు నలభై దాటి ఉండదు. శ్రీనివాస్ మరమగ్గాల కార్ఖానాలో జాబర్, అంటే ఆగిపోయిన మగ్గాలను బాగుచేసేవాడు. డ్యూటీ నాలుగింటికి దిగి నేరుగా ఇంటికి వచ్చేవాడు. ఆ రోజు మాత్రం రాలేదు. ఊరికి ఇంకో దిక్కున, కుంభారి వెళ్ళే రోడ్డు మీద పడిపోయి ఉన్నాడని కబురొచ్చింది. గుండెనొప్పి అన్నారు డాక్టర్లు.

“గుండె సంగతి దేవునికెరుక. కుంభారి తొవ్వల ఆయనకేం పని? మనోళ్ళెవ్వరు లేరు అటు. అందరు గదే అడుగుతరు. నేను గూడ గదే అడుక్కుంట.”

నేను కీల గురించి అడిగాను. ఇంట్లో ఉన్న రెండో కీ బీరువాలోంచి తెచ్చి ఇచ్చింది. బండికి అది తెలియకుండా దాని బ్యాటరీ తీసి నా జేబులో వేసుకున్నాను. శ్రీనివాస్ ఫోను ఆ రోజే పగిలింది, పనిచెయ్యదు. ఆయన దగ్గర ఉన్న మొదటి కీ రోడ్డు మీద పోయిందనుకున్నారు.

“వారంలో ఒక రోజు బండి పిలవడం లేదు. అది మాత్రం ఎందుకో తెలియలేదు” అన్నాను.

“నాకు తెలుసు.” ఆమె గొంతు తగ్గించింది. “ఆ దినం కార్ఖానలకు సుట్టి. డ్యూటీ ఉన్న దినమే వస్తడు అక్కా. డ్యూటీ దిగి వస్తడు.”

ఇద్దరం గడప మీద కూర్చున్నాం. నాలుగైంది. ఎక్కడో ఒక మగ్గం ఆగింది. దాని పక్కది, దాని వెనకది. నిమిషంలో పేటంతా నోరు మూసుకున్నట్టయింది. అంతసేపూ చప్పుడును గోడలా ఆనుకుని కూర్చున్న మనిషిని, ఆ గోడ తీసేసినట్టు ముందుకు తూలాను. వీధిలో చెప్పుల అలికిడి, దగ్గులు, సైకిల్ గంటలు మొదలై సద్దుమణిగాయి. వాకిలి ఖాళీ. ఇంటి ముందు వీధిలోనూ ఎవరూ కనబడలేదు.

బండి దీపం వెలగసాగింది. ముందు ఎర్రటి చుక్క, తర్వాత తెల్లగా, గోడ దాకా. నా గొంతు, నాకంటే మెత్తగా, నాకంటే ప్రేమగా అంది: “రండి శ్రీనివాస్ గారూ.”

అది నేను రాసిన సాఫ్ట్‌వేరే. ఆ దీపం ఎన్ని క్షణాల్లో వెలగాలో నేనే పెట్టాను. అయినా చేతుల మీద రోమాలు లేచాయి. అనసూయ తల మీద కొంగు కప్పుకుని, లేచి గడప పక్కకు జరిగి నిలబడింది. లోపలికి వచ్చేవాళ్ళకు దారి ఇచ్చినట్టు.

ఏడు నిమిషాలకు దీపం ఆరింది.

నేను కేబుల్ తగిలించి బండి పెట్టెను చూస్తుంటే ఆమె పక్కకొచ్చి కూర్చుంది. “ఆయన ఆఖరి దినం గూడ ఇండ్ల ఉంటదా?”

ఉంటుంది. ప్రయాణపు వివరాలు బండిలోనే ఉంటాయి, యజమాని ఇంటివాళ్ళు ఒప్పుకుంటే తప్ప మేము తియ్యం. ఆమె ఒప్పుకుంది. చదివి చెప్పాను. కుంభారి రోడ్డు. వేగం ఒక్కసారిగా పడిపోలేదు, మెల్లగా తగ్గింది. ఎడమ ఇండికేటర్ వేశాడు. రోడ్డు దిగి ఆపాడు. స్టాండు వేశాడు.

“పడలేదా?”

“బండి పడలేదమ్మా. ఆయనే చక్కగా నిలబెట్టారు.”

అక్కడితో ఆపి ఉండాల్సింది. కానీ తెర మీద ఉన్నది కళ్ళకు కనిపిస్తూనే ఉంది. ఆగాక బండి రెండుసార్లు పైకి లేచింది. మొదట వెనక భాగం, తర్వాత ముందు భాగం. దారి పొడుగునా మోటారు లాగిన కరెంటు కూడా ఒక్క మనిషి బరువుకు పట్టేదానికంటే ఎక్కువే. ఇద్దరున్నారు. నా మొహం చూసి ఆమె వదల్లేదు, చెప్పాల్సివచ్చింది.

“ఎవరు? ఆడమనిషా?”

“అది బండికి తెలియదమ్మా.”

ఆమె చేట ముందుకు లాక్కుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. ఒకే ఆకును మళ్ళీ మళ్ళీ కత్తిరించింది. నేను సంచీ సర్దుకుని, రేపు వస్తానని చెప్పి బయటపడ్డాను. లాడ్జికి వెళ్ళే ఆటోలో డ్రైవరు ఏదో అడుగుతుంటే తల ఊపానే గాని నోరు విప్పలేదు. నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు.

మర్నాడు పది గంటలకు గది బయటికొచ్చాను. సాయంత్రం దాకా పనేమీ లేదు. చాదర్లు అమ్మే వీధిలో రెండు కొట్లు తిరిగి ఒక దుప్పటి కొన్నాను. బరువుగా, రెండు వైపులా బొమ్మ ఉన్నదే తీసుకోమన్నాడు కొట్లో ఆయన. మనసు దాని మీద లేదు. ఇద్దరిలో ఒకరు బతికి ఉన్నారు. ఆ మనిషి దగ్గరే కీ ఉంది. ఆ మనిషి రోజూ, పాళీ, అంటే షిఫ్టు, దిగే వేళకు, ఇంటి దాకా వచ్చి వెళ్తున్నారు. నిన్న వాకిట్లోనే చూశాం గానీ కీ అంత దూరం రానక్కర్లేదు. బండి గోడకు ఆనించి ఉంది. గోడకు అవతల పక్కసందు.

మూడున్నరకు ఆ పక్కసందు మొదట్లో, మూసిన కొట్టు అరుగు మీద కూర్చున్నాను. చేతిలో చిన్న రిసీవరు. ఆ కీ దగ్గరయ్యే కొద్దీ దాని మీద అంకె పెరుగుతుంది. నాలుగింటికి మగ్గాలు నిన్నటిలాగే ఒకదాని వెంట ఒకటి ఆగాయి. కార్ఖానా తలుపుల్లోంచి జనం వచ్చారు. జుట్టు మీద, కనుబొమల మీద పత్తి నూగు. అందరూ తెల్లగా, ఒకే వయసువాళ్ళలా కనబడ్డారు. అంకె కదిలింది. పెరిగింది. ఇంతమందిలో ఎవరో ఒకరి జేబులో చచ్చిపోయిన మనిషి తాళం నా వైపే నడిచి వస్తోంది. రిసీవరు ఒళ్ళోకి దించి ఒక్కొక్కరి మొహమే చూశాను.

జనం పలచబడ్డారు. సందు ఖాళీ అయింది. అంకె మాత్రం తగ్గలేదు.

గోడ వారగా ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఎడమకాలికి బట్ట చుట్టుకున్నాడు. అనసూయ ఇంటి గోడ వైపు మొహం పెట్టి, చెయ్యి చొక్కా జేబు మీద అదిమిపెట్టుకుని ఉన్నాడు. గోడ అవతల నా గొంతు పిలిచింది. “రండి శ్రీనివాస్ గారూ.” ఆయన రెండు చేతులూ జోడించాడు.

దగ్గరికి వెళ్ళాను. “కాకా” అన్నాను.

ఆయన గోడకు కొట్టుకునేంతగా వెనక్కి జరిగాడు. నా మొహం చూశాడు, గోడ చూశాడు. “నువ్వేనా అమ్మా రోజు పిలిచేది?”

నిన్న అనసూయకు చెప్పినదంతా మళ్ళీ చెప్పాను. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. బండి పిలుస్తోంది గాని మనిషి కాదని మాత్రం రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. పేరు రాజయ్య. శ్రీనివాస్ పనిచేసిన కార్ఖానాలోనే మగ్గం నడుపుతాడు, ఉండేది కుంభారిలో కార్మికుల కాలనీ.

“ఆ దినం కాలు వాచింది. బస్సు ఎళ్ళిపాయె. కొంతం చౌక్‌ల కూసున్న. సీను చూసిండు. ‘కూసో కాకా, ఇడిసిపెట్టి వస్త’ అన్నడు. వద్దంటె ఇనలే. సగం తొవ్వల ‘కాకా, జెర దిగు’ అన్నడు. దిగిన. స్టాండేసి వాడు దిగిండు. మొఖమంత చెమట. తాళం నా చేతుల పెట్టి ‘నీళ్ళు’ అన్నడు. ఉరికిన. ఉరకనీకి ఈ కాలు రాకపాయె. చెంబు పట్టుకొని వచ్చేసరికి మంది జమయిండ్రు. గాడిల ఎక్కించి తీస్కపోయిండ్రు.”

“మరి ఇంటివాళ్ళకు ఎందుకు చెప్పలేదు కాకా?”

“దవాఖానకు పోయిన. ఆమె ఏడుస్తున్నది. నన్ను ఇడవనీకే పోయిండని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె? తాళమన్న ఇద్దామని రోజొస్త. ఈడిదాంక వస్త. ఇక కాలు పడదు. వాణ్ణి పిలుసుడు మొదలైనంక ఇంక భయమాయె. నేనొస్తనే వాణ్ణి పిలుస్తుండ్రు. రాకుంటె ఏమనుకుంటరో అని మల్ల వస్త.”

చెయ్యి పట్టుకున్నాను. ఆయనకు నా కూతురి వయసులో మనవరాలు ఉండి ఉంటుంది, చిన్నపిల్లాడిలా నా వెంట నడిచాడు. సందు మలుపు తిరిగి నీలం తలుపు దగ్గరికి వచ్చేసరికి దీపం ఇంకా వెలుగుతోంది. అనసూయ నిన్నటి చోటే, తల మీద కొంగుతో, దారి ఇచ్చి నిలబడి ఉంది. ఆ దారిలో రాజయ్య వచ్చాడు.

ఆమె ముందు ఆయన చేతిలో కీ చూసింది. తర్వాత మనిషిని. “కార్ఖానాల రాజయ్య కాకవు గదా” అంది.

ఆయన అక్కడే కింద కూలబడి, నాకు చెప్పినదంతా మళ్ళీ చెప్పాడు. ఈసారి ఆగి ఆగి. అనసూయ అడ్డం రాలేదు. అంతా అయ్యాక ఒకటే అడిగింది.

“నీళ్ళు తాగిండా?”

“లేదు బిడ్డా. చెంబు నా చేతులనే ఉండె.”

ఆమె లోపలికి వెళ్ళింది. లోపల ఏడుస్తుందేమో అనుకున్నాను. చెంబుతో నీళ్ళు తెచ్చింది. రాజయ్య ముందు వంగి, “నువ్వు తాగు” అంది. ఆయన తలెత్తలేదు. “తాగు కాకా. ఐదు నెలలకెల్లి నిలబడ్డవు.” ఆయన రెండు చేతులతో పట్టుకుని, సగం చొక్కా మీద పోసుకుంటూ తాగాడు. అప్పుడు ఏడ్చింది ఆమె. పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు గోడ మీద నుంచి చూశారు. “ఇనుండ్రి” అని గట్టిగా కేకేసింది వాళ్ళను. “కాకకు కాలు బాగలేకుంటె ఇడవనీకి పోయిండంట. అందుకు పోయిండంట కుంభారికి.”

నేను లాప్‌టాప్ తెరిచాను. పలకరింపు పూర్తిగా తీసెయ్యనా అని అడిగాను.

“ఆయన పేరు తియ్యి. పిలిస్తే రాడు, ఎరికైంది గదా.” రాజయ్య చేతిలోని కీ అందుకుంది. “నా పేరు పెడ్తవా? ఈడ నన్ను పేరు పెట్టి పిలిచేటోళ్ళు లేరు. సీను పెండ్లామంటరు, వహినీ, వదినా అంటరు.”

పెట్టాను. కీ చేతిలో పట్టుకుని ఆమె సందు దాకా నడిచి, తిరిగి వచ్చింది. దీపం వెలిగింది. “రండి అనసూయ గారూ” అంది నా గొంతు. ఆమె ఉలిక్కిపడి, బండి వైపు కాక నా వైపు చూసింది. నేను నోరు మూసుకునే ఉన్నానని చూపించాను.

రాజయ్య వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగాడు. ఇక రావాల్సిన పని లేదన్నట్టు ఖాళీ చేతులు చూసుకున్నాడు. “తాళం లేకున్న రా కాకా. బయట నిలబడకు” అంది అనసూయ.

మూడో రోజు ఉదయం తొమ్మిది దాటాక పుణె నుంచి వచ్చే రైల్లో తిరుగు ప్రయాణం. చైర్‌కార్ టికెట్టు, టిఫిన్ రైల్లోనే ఇచ్చారు. పక్కన కూర్చున్న కాలేజీ లెక్చరరు నా పని తెలుసుకుని, ఒకసారి చార్జి చేస్తే ఎంత దూరం వస్తుంది, వానలో తడిస్తే ఏమవుతుంది అని అడిగారు. అన్నింటికీ జవాబులున్నాయి. చెప్పాను. కలబురగి దాటాక ఆఫీసుకు రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. లోపమేమీ లేదని రాశాను. యజమాని చనిపోయినట్టు డీలరుకు తెలిసిన బండ్లకు, ఇంటివాళ్ళను అడగకుండా కొత్త పలకరింపులు పంపవద్దని రాశాను. ఇంకా ఏదో రాయాలనిపించింది, లాప్‌టాప్ మూసేశాను. ఎంతమంది ఎక్కారో, ఎవరు ముందు దిగారో మా బండికి తెలుసు. నొప్పిలోనూ ఒక మనిషి ఇండికేటర్ వేశాడని తెలుసు. ఆ మనిషి ఇక లేడన్నది మాత్రం తెలియలేదు. చీకటి గదిలో కూర్చుని అన్నీ వింటూ, చావు ఒక్కటే వినబడని మనిషి ఎలా ఉంటాడో, రెండు నెలలపాటు మేము ఆ ఇంటి వాకిట్లో అలాంటిదాన్ని నిలబెట్టాం. దానికి నా గొంతు ఇచ్చాం.

తాండూరు దగ్గర ఫోను మోగింది. అనసూయ. వెనకాల లారీల మోతలో సరిగ్గా వినబడలేదు, మళ్ళీ చేసింది.

“అక్కా, కుంభారి తొవ్వల ఉన్న. కాక పాళీ ఎగ్గొట్టి నాతోని వచ్చిండు, జాగ చూపిచ్చిండు. ఐదు నెలలు ఈ దిక్కు బస్సు గూడ ఎక్కలే నేను.”

“ఎలా ఉందమ్మా అక్కడ?”

“ఏం లేదక్కా. పంచరు దుకాణం ఉంది. మస్తు వెడల్పుగ ఉంది రోడ్డు పక్కకు, లారీలు తగలవు.” వెనకాల ఇంకో లారీ వెళ్ళింది. “కాక పడకుండ, ఆయన మంచి జాగనే చూసి ఆపిండు.”